రేసింగ్ సినిమా ఇంటిల్లిపాదీ కలిసి చూడొచ్చా? సర్టిఫికెట్ చెప్పేది సగమే

సంక్రాంతి సెలవుల్లో అందరం కలిసి సినిమా చూద్దామని కూర్చున్నాం. ఏడేళ్ల మా పాప, పదహారో ఏడు నడుస్తున్న మా అన్నయ్య కొడుకు, మా అమ్మ, మేమిద్దరం. వాడు పట్టుబట్టింది 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' కోసం. 2019లో నేను హాల్లో చూసిన సినిమానే. ఇబ్బందిపడే సీన్లు లేవు, రక్తపాతం లేదు, కార్లు, పందెం, ఇద్దరు స్నేహితులు. పిల్లలతో చూడటానికి ఇంతకంటే ఏం కావాలి అనుకుని పెట్టేశాను.

రెండు గంటలకు పైగా హాయిగా గడిచింది. స్నేహితులిద్దరూ ఇంటి ముందు గడ్డిలో పడి కొట్టుకుంటుంటే, వాళ్లలో ఒకడైన రేసింగ్ డ్రైవర్ కెన్ మైల్స్ భార్య కుర్చీ వేసుకుని తీరిగ్గా చూస్తుంది. ఆ సీన్‌కి పాప పడీపడీ నవ్వింది. ఫ్రాన్స్‌లో 24 గంటల పాటు సాగే ల మాన్స్ పందెం అయిపోయింది, సినిమా కూడా అయిపోయిందనుకున్నాం. అవ్వలేదు. మైల్స్ కొత్త కారును పరీక్షించడానికి ట్రాక్ మీదకి వెళ్తాడు. కొడుకు పీటర్ దూరం నుంచి చూస్తుంటాడు. కారు కనబడకుండా పోతుంది. కాసేపటికి పొగ లేస్తుంది.

"నాన్నా, వాళ్ల నాన్న దిగాడా?" అని అడిగింది పాప. నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. ఆ రాత్రి పడుకునే ముందు నా చెయ్యి పట్టుకుని "రేపు కారులో వెళ్లకు, మెట్రోలో వెళ్లు" అంది.

అదే సినిమా చూసిన మా అన్నయ్య కొడుకు మర్నాడు పొద్దున్నే నా దగ్గరికి వచ్చి అడిగిందేమిటో తెలుసా? "బాబాయ్, మన కారు ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద ఎంత వరకు లాగుతుంది?"

ఒకే సోఫా మీద కూర్చుని, ఒకే సినిమా చూసి, ఒకరు భయపడ్డారు, ఇంకొకరు ఉత్సాహపడ్డారు. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. రేసింగ్ సినిమాలు పిల్లలకు తగినవా కావా అని ఎవరైనా అడిగితే, ఏ వయసు పిల్లలకు, ఏ భయంతో అడుగుతున్నారని తిరిగి అడగాల్సి వస్తుంది. ఎందుకంటే ఈ రకం సినిమాల్లో చిన్నపిల్లలను గాయపరిచేదీ, పెద్దపిల్లలను కాపాడేదీ చాలాసార్లు ఒకే సన్నివేశం.

ముందు సర్టిఫికెట్ సంగతి చూద్దాం. మన దేశంలో సినిమాటోగ్రాఫ్ చట్టం 1952 నాటిది. యు అంటే అందరూ చూడొచ్చు. ఎ అంటే 18 ఏళ్లు నిండినవాళ్లకే. మధ్యలో ఉన్న యూఏ 1983లో వచ్చింది. చాలా ఏళ్లపాటు దాని అర్థం "పన్నెండేళ్ల లోపు పిల్లలైతే పెద్దవాళ్లు చూసుకోండి" అని మాత్రమే. 2023లో చట్టాన్ని సవరించి, 2024లో కొత్త నిబంధనలు తెచ్చాక యూఏ మూడుగా విడిపోయింది: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఓటీటీలకు ఇలాంటి విభజన 2021 ఐటీ నిబంధనలతోనే వచ్చింది. అక్కడ ఆ రేటింగ్‌ను ఓటీటీ సంస్థే ఇచ్చుకుంటుంది, 13+ నుంచి పైనున్నవాటికి పేరెంటల్ లాక్ సౌకర్యం ఉండాలి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. యూఏ 16+ అంటే పదహారేళ్లలోపు వాళ్లను హాల్లోకి రానివ్వకూడదని కాదు. తీసుకెళ్లాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేశారని అర్థం. గేటు దగ్గర ఆపే అధికారం ఎ సర్టిఫికెట్‌కే ఉంది. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. అక్కడ 12ఎ సినిమాకు పెద్దవాళ్లు వెంట ఉంటే పదేళ్ల పిల్లాడిని తీసుకెళ్లొచ్చు. కానీ 15 రేటింగ్ ఉన్న సినిమాకు తల్లిదండ్రులు పక్కన ఉన్నా పద్నాలుగేళ్లవాడిని లోపలికి రానివ్వరు. అమెరికాలో పీజీ-13 కేవలం హెచ్చరిక. ఆర్ రేటింగ్ ఉంటే పదిహేడేళ్లలోపు వాళ్ల వెంట పెద్దవాళ్లు ఉండాలి. అందుకే అమెరికాలో ఉన్న అక్క "మావాడు చూసేశాడు, ఏం ఫర్వాలేదు" అన్నంత మాత్రాన అదే కొలత మనకు సరిపోదు.

సరే, ఆ అంకె దేన్ని కొలుస్తుంది? ఎక్కువగా కంటికి కనబడేది, చెవికి వినబడేది. ఎన్ని బూతులు, ఎంత రక్తం, ఎంత శృంగారం, మందూ సిగరెట్టూ ఉన్నాయా. 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ'కి అమెరికాలో పీజీ-13 ఇచ్చి, కారణంగా కొన్ని బూతు మాటలు, ప్రమాదకర సన్నివేశాలు అని రాశారు. అందులో తప్పేం లేదు. నిజంగానే కనబడేది అంతే. చివర్లో ఆ తండ్రి మరణాన్ని దగ్గర్నుంచి చూపించరు. రక్తం లేదు, అరుపులు లేవు. పొగ మాత్రమే ఉంది, దాన్ని చూస్తున్న కొడుకు మొహం ఉంది. మా పాపను నిద్రపోనివ్వనిది ఆ మొహం. దాన్ని ఏ బోర్డూ లెక్కపెట్టదు, పెట్టమనడం న్యాయం కూడా కాదు.

ఆ కథ నిజం కావడంతో బరువు ఇంకా పెరుగుతుంది. కెన్ మైల్స్ 1966లో డేటోనా 24 గంటల పందెం, సెబ్రింగ్ 12 గంటల పందెం గెలిచాడు. అదే జూన్‌లో ల మాన్స్‌లో గెలుపు దాదాపు చేతిలోకి వచ్చాక, మూడు ఫోర్డ్ కార్లూ కలిసి గీత దాటాలన్న ఫోటో ఆలోచన అడ్డొచ్చింది. పందెం మొదలైనప్పుడు బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఏమన్‌ల కారు కొంచెం వెనక నుంచి బయల్దేరింది కాబట్టి 24 గంటల్లో వాళ్లదే ఎక్కువ దూరమైందని వాళ్లను విజేతలుగా ప్రకటించారు. రెండు నెలలకే, ఆగస్టు 17న, కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ ట్రాక్ మీద జె-కార్ అనే ఫోర్డ్ కొత్త కారును పరీక్షిస్తూ మైల్స్ చనిపోయాడు. సినిమా ముగింపు కల్పన అని పిల్లలకు నచ్చజెప్పే అవకాశం మనకు లేదు.

ఈ సినిమాల విషయంలో నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది: కథ ఏ సంవత్సరంలో జరుగుతుంది?

1950లు, 60లు, 70ల్లో రేసింగ్ కారంటే పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని వెళ్లడమే. 1955లో ల మాన్స్‌లో ఒక కారు ముక్కలై జనం మీద పడి 80 మందికి పైగా పోయారు. ఆ దెబ్బకి స్విట్జర్లాండ్ తమ దేశంలో సర్క్యూట్ పందేలనే నిషేధించింది. 1957లో ఇటలీలో మిల్లె మిలియా అనే పందెం మామూలు రోడ్ల మీద జరుగుతుండగా, గుయిడిజ్జోలో దగ్గర ఫెరారీ కారు అదుపు తప్పింది. డ్రైవర్ అల్ఫోన్సో డి పోర్టాగో, పక్కనున్న నెల్సన్‌తో పాటు చూడ్డానికి వచ్చిన తొమ్మిది మంది చనిపోయారు. ఆ తొమ్మిదిలో ఐదుగురు పిల్లలు. 1976లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో నికీ లౌడా కారు మంటల్లో చిక్కుకుంటే, 22 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ ట్రాక్‌లో సహాయక సిబ్బంది వచ్చేలోపు తోటి డ్రైవర్లే కార్లు ఆపి అతన్ని బయటకు లాగారు.

ఇప్పటి సంగతి వేరు. 2018 నుంచి ఫార్ములా వన్ కార్లలో డ్రైవర్ తల చుట్టూ హేలో అనే టైటానియం కమ్మీ తప్పనిసరి. 2020లో బహ్రెయిన్‌లో రొమైన్ గ్రోజాన్ కారు కంచెను గుద్ది రెండు ముక్కలై భగ్గున అంటుకుంది. 28 సెకన్ల తర్వాత అతను మంటల్లోంచి నడిచి వచ్చాడు, చేతులు కాలాయి అంతే. 2025 జనవరిలో దుబాయ్‌లో ప్రాక్టీసు చేస్తూ హీరో అజిత్ కారు గిరగిరా తిరిగి గోడను గుద్దిన వీడియో మన వాట్సాప్ గ్రూపులన్నింట్లో తిరిగింది. ఆయన దిగి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆ వీడియోను మా అన్నయ్య కొడుకు ఇరవైసార్లు చూసి ఉంటాడు.

అందుకే పాత కాలపు నిజజీవిత కథతో సినిమా వచ్చిందంటే అందులో ఎవరో ఒకరు పోవడం దాదాపు ఖాయం. చాలాసార్లు ఆ చావే కథకు మూలం. ఈ కాలపు కథ అయితే కారు ఎంత నుజ్జయినా మనిషి లేచి నిలబడతాడు. ఏడేళ్ల పాపకు రెండోదే నయం. మరి పదహారేళ్లవాడికి? ఇక్కడే లెక్క తిరగబడుతుంది.

2025లో వచ్చిన 'ఎఫ్1' తీసుకోండి. బ్రాడ్ పిట్ సినిమా, రెండున్నర గంటలు దాటుతుంది. అమెరికాలో పీజీ-13, బ్రిటన్‌లో 12ఎ. కుర్ర డ్రైవర్ ఇటలీలోని మోంజా ట్రాక్ మీద కారుతో సహా గాల్లోకి ఎగిరి మంటల్లో పడే సీన్ చిన్నపిల్లలకు కాసేపు గుండెదడే. కానీ వాడు కోలుకుని మళ్లీ వస్తాడు. కాబట్టి తొమ్మిది, పదేళ్ల పిల్లలు పక్కన పెద్దవాళ్లుంటే తట్టుకోగలరనే నా అభిప్రాయం. నాకు ఇబ్బంది అనిపించింది వేరే చోట. జట్టుకు లాభం కలగాలని హీరో కావాలనే ఇతర కార్లకు తగులుతూ, ముక్కలు ట్రాక్ మీద పడేసి, అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు వచ్చేలా చేస్తాడు. హాలంతా చప్పట్లు. నిజంగా అలా జరిగినప్పుడు ఏమైందో పెద్దపిల్లలకు చెప్పి తీరాలి. 2008 సింగపూర్ గ్రాండ్ ప్రీలో రెనో జట్టు డ్రైవర్ నెల్సన్ పికే జూనియర్ కావాలనే గోడకు గుద్దాడని మరుసటి ఏడాది బయటపడి, ఆ జట్టు పెద్దలు పదవులు వదులుకోవాల్సి వచ్చింది. ఫార్ములా వన్ చరిత్రలో అదొక పెద్ద మచ్చ.

'గ్రాన్ టురిస్మో' (2023) ఇంకా సూటిగా మన ఇళ్లలోని కుర్రాళ్ల కోసం తీసినట్టు ఉంటుంది. వీడియో గేమ్ ఆడుతూ పెరిగిన జాన్ మార్డెన్‌బరో నిజంగా రేసర్ అయిన కథ. అందులో నూర్‌బర్గ్‌రింగ్‌లో అతని కారు గాల్లోకి లేచి ఒక ప్రేక్షకుడు చనిపోతాడు. నిజంగా జరిగిన ప్రమాదమే, 2015లో. సినిమాలో మాత్రం దాన్ని 2013 నాటి ల మాన్స్ పందేనికి ముందే జరిగినట్టు చూపించారు. హీరో కుంగిపోయి తిరిగి లేవడానికి అదొక మెట్టు అయింది. ఒక మనిషి ప్రాణం హీరో ప్రయాణంలో మలుపుగా మారిపోవడం నాకు నచ్చలేదు. కానీ పిల్లాడితో కూర్చుని చూస్తే "చనిపోయినాయన ఇంట్లో ఆ రోజు ఏం జరిగుంటుంది?" అని అడగడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు.

ఇక 'రష్' (2013). జేమ్స్ హంట్, నికీ లౌడా మధ్య 1976 సీజన్. దీనికి అమెరికాలో ఆర్, బ్రిటన్‌లో 15. శృంగార దృశ్యాలున్నాయి, బూతులున్నాయి, ఒక డ్రైవర్ మృతదేహం కనబడుతుంది. ఆసుపత్రిలో లౌడా ఊపిరితిత్తుల్లోకి గొట్టం దించి శుభ్రం చేస్తుంటే, అతను అటువైపు టీవీలో ప్రత్యర్థి గెలుపు చూస్తుంటాడు. చిన్నపిల్లలున్న గదిలో ఈ సినిమా పెట్టే ప్రశ్నే లేదు. కానీ వేగం ఒక మనిషి నుంచి ఏం తీసుకుంటుందో ఇంత నిజాయితీగా చూపించిన రేసింగ్ సినిమా నేను ఇంకోటి చూడలేదు. 42 రోజులకే లౌడా మానని గాయాలతో మోంజాలో పందేనికి వచ్చి నాలుగో స్థానం సాధించాడు. ఆఖరి పందెం జపాన్‌లోని ఫుజీలో, కుండపోత వాన. రెండు ల్యాపులయ్యాక లౌడా కారు ఆపేసి దిగిపోయాడు. ఇంత ప్రమాదానికి ఇది విలువ చేయదని తేల్చుకున్నాడు. ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్‌షిప్ పోయింది. బండి ఆపి దిగిపోవడం కూడా ధైర్యమేనని కుర్రాళ్లకు చూపించే సినిమా ఎక్కడుంది? మా అన్నయ్య కొడుక్కి పద్దెనిమిది నిండగానే ఇది నేనే చూపిస్తాను.

'ఫెరారీ' (2023) విషయంలో మాత్రం నాకు సందేహమే లేదు. పైన చెప్పిన 1957 ప్రమాదాన్ని అందులో దాచకుండా చూపించారు. రోడ్డు పక్కన ఎదురుచూస్తున్న కుటుంబాన్ని ముందు చూపించి, ఆ తర్వాత కారును చూపిస్తారు. దానికి తోడు కొడుకు డీనోను పోగొట్టుకున్న తల్లిదండ్రుల దుఃఖం సినిమా అంతా పరుచుకుని ఉంటుంది. మంచి సినిమా. పిల్లలు పడుకున్నాక చూడండి.

చూడ్డానికి పూర్తిగా కుటుంబ సినిమాలా కనబడి దెబ్బ కొట్టేవీ ఉంటాయి. 2007 హిందీ సినిమా 'తా రా రమ్ పమ్' పాటలతో, ముద్దొచ్చే పిల్లలతో సాగిపోతుంది. తండ్రి రేసింగ్ కెరీర్ దెబ్బతిని, ఇల్లు పోయి, ఆకలి మొదలయ్యాక చిన్నకొడుకు గాజుముక్క మింగి ఆసుపత్రి పాలవుతాడు. కారు ప్రమాదం కంటే పిల్లలకు ఇదే ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే తెర మీద ఉన్నది వాళ్ల వయసువాడే.

పెద్దపిల్లల గురించి నా భయం ఊహ కాదు. ఓఆర్‌ఆర్ మీద కార్లకు వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు, బైకులకు అసలు అనుమతే లేదు. గేర్ల బండికి లైసెన్సు పద్దెనిమిదేళ్లకే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. ఇవన్నీ మా అన్నయ్య కొడుక్కి తెలుసు. తెలిసినా ఆ పొద్దున అడగనే అడిగాడు. తిట్టలేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల పందెం జరిగినప్పుడు రోడ్లకు రెండు వైపులా కాంక్రీటు గోడలు, వాటి మీద వలలు కట్టింది గుర్తుందా అని అడిగాను. "అవును, రోజుల తరబడి ట్రాఫిక్ ఆపేశారు" అన్నాడు. అంత నేర్చిన డ్రైవర్లకు అన్ని గోడలు, దారిలో ఎదురుగా ఒక్క బండి లేదు, ఒక్క మనిషి లేడు. మన రోడ్డు మీద గేదె కూడా అడ్డొస్తుంది. వాడు ఒప్పుకున్నాడో లేదో చెప్పలేను కానీ, సినిమాలో మైల్స్ భార్య కోపంతో కుటుంబం కారును మామూలు రోడ్డు మీద విచ్చలవిడిగా తోలే సీన్‌ను వాడే గుర్తు చేశాడు. అది చూసి మేమంతా నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది అక్కడే.

పాపకు చెప్పాల్సింది వేరు. వారం తర్వాత తనే మళ్లీ ఆ పిల్లాడి నాన్న గురించి అడిగింది. అబద్ధం చెప్పలేదు. ఆయన చనిపోయాడు, అయితే ఆ తర్వాత కారు తయారుచేసినవాళ్లు లోపల గట్టి ఉక్కు పంజరం పెట్టారు, మరుసటి ఏడాది ల మాన్స్‌లో మారియో ఆండ్రెట్టి అనే ఆయన కారు గోడలను గుద్దుకున్నా ప్రాణాలతో బయటపడ్డాడు అని చెప్పాను. "మన కారులో ఉందా ఆ పంజరం?" అంది. కిందకి తీసుకెళ్లి సీటు బెల్టు లాగి చూపించాను. మెల్లగా లాగితే వస్తుంది, గట్టిగా గుంజితే పట్టేస్తుంది. పదిసార్లు లాగి చూసింది. మెట్రో మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు కొత్త సినిమా వస్తే నేను చేసేది ఎక్కువేం కాదు. సంవత్సరం చూస్తాను. ఎవరి కథో ఆ మనిషి ఎలా పోయాడో ముందే తెలుసుకుంటాను, నిజజీవిత కథలకు ముగింపు తెలిసిపోతుందని బాధపడను. బ్రిటన్ సినిమా బోర్డు వెబ్‌సైట్‌లో ప్రతి సినిమాకూ ఏ రకం సన్నివేశాలున్నాయో వివరంగా ఉచితంగా రాస్తారు, అది చదువుతాను. ఐదేళ్లలోపు పిల్లలైతే కథ సంగతి అలా ఉంచి, హాల్లో ఆ ఇంజిన్ల మోత రెండున్నర గంటలు భరించలేరు, ఇంట్లోనే నయం. ఇంట్లో అయితే ఆపొచ్చు. 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ'ని ల మాన్స్ పందెం పూర్తయిన చోట ఆపేసి, మిగతాది పదేళ్లు దాటాక చూద్దామని చెప్పినా సినిమాకు వచ్చే లోటేం లేదు. ఆ వయసు రాగానే మిగతాది కూడా చూపించాలి మరి, ఎందుకంటే సైకిల్ వదిలి స్కూటీ అడిగే వయసు అప్పటికి దగ్గరపడుతుంది.

ఇంతసేపూ పిల్లల గురించే రాశాను. ఆ రోజు సోఫా మీద ఇంకొకరు కూడా ఉన్నారు. పొగ లేచిన సీన్ రాగానే మా అమ్మ "పాలు పొయ్యి మీద పెట్టి వచ్చాను" అంటూ లేచి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద పాలు లేవు. మా మేనమామ చాలా ఏళ్ల క్రితం విజయవాడ హైవే మీద లారీ గుద్ది పోయాడు. ఆయన బయల్దేరిన గంటకే కబురొచ్చింది. ఇంటిల్లిపాదీ చూసే సినిమా అంటూ రెండు గంటలు ఆలోచించిన నాకు అది తట్టనే లేదు. అమ్మ ఏమీ అనలేదు, అందరికీ టీ పెట్టి తెచ్చింది. ఇప్పుడు ఇలాంటి సినిమా పెట్టేముందు కథ మొత్తం, ముగింపుతో సహా, ముందు అమ్మకే చెప్తున్నాను.